ఆవగింజంత నత్త కోసం పాత క్వారీకి

ఈ ప్రయాణం పెట్టుకున్నది ఒక నత్త కోసం. చెరువు గట్టున కనిపించే నత్త కాదు. నేలమీద, సున్నపురాతి సందుల్లో బతికేది, ఆవగింజంత ఉండేది. అరచేతిలో పోసుకుంటే మట్టి అనుకుని దులిపేసుకుంటాం. భూతద్దంలో చూస్తే మాత్రం ఒకదానిమీద ఒకటిగా చుట్లు, చుట్టు చుట్టుకీ సన్నటి గీతలు, చివర్న అంచు మడిచి కుట్టినట్టు గుండ్రటి నోరు. మలేషియా, థాయిలాండ్ వైపు సున్నపురాతి కొండల్లో ఇలాంటివి కొండకో రకం ఉంటాయని చదివాను. మన గోదావరి పక్కన ఒకటి కనబడుతుందని మాత్రం అనుకోలేదు.

నేను భీమవరంలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతాను. కొవ్వూరు నుంచి దేవరపల్లి వెళ్ళే దారిలో నల్లరాతి క్వారీలున్నాయి. ఆ నల్లరాతి పొరల మధ్య తెల్లటి సున్నపురాయి పొర ఒకటి ఉంటుంది. అందులో ఏనాటివో గుల్లలు రాయిగా మారి కనిపిస్తాయి. వాటిని పిల్లలకి చూపిద్దామని తీసుకెళ్ళినప్పుడు, వదిలేసిన ఒక గోతి అడుగున మట్టి కాస్త సంచిలో వేసుకొచ్చాను. జల్లించి చూస్తే ఈ గుల్లలు. పుస్తకాలన్నీ తిరగేసినా వీటికి సరిపోయే జాతి దొరకలేదు. కొత్తదేనన్న నమ్మకం కుదిరి, కొలతలు తీసి, బొమ్మలు గీసి, వర్ణన రాసి మా మాష్టారికి పంపాను. నాకు పరిశోధన నేర్పిన మనిషి, పొగడ్త విషయంలో మహా పిసినారి.

ఆయన ఫోన్ చేసి, "బాగానే రాశావమ్మా. కానీ నీకు దొరికినవన్నీ ఖాళీ గుల్లలు. ఆ రాతి నిండా ఎప్పుడో చచ్చిన గుల్లలున్నాయని నువ్వే అంటున్నావు. ఇవీ అందులోంచి రాలినవి కావని ఏంటి ధైర్యం? ప్రాణంతో ఉన్నదాన్ని చూపించు. దానికి తలుపు ఉందో లేదో చూడు. అప్పుడు పేరు సంగతి మాట్లాడదాం" అన్నారు.

తలుపంటే ఏమిటో చెప్పాలి. కొన్ని నత్తలు పాదం వెనక చిన్న బిళ్ళను మోసుకు తిరుగుతాయి. భయమేస్తే లోపలికి ముడుచుకుని, ఆ బిళ్ళతో నోరు మూసేసుకుంటాయి. నత్త చనిపోతే బిళ్ళ ఊడి పోతుంది. ఈ ఆకారంలో గుల్లలుండే కుటుంబాలు రెండున్నాయి, ఒకదానికి తలుపుంటుంది, రెండోదానికి ఉండదు. నాది ఏ కుటుంబమో ఖాళీ గుల్లలు చెప్పలేవు. అసలది బతికున్న జాతో కాదో కూడా చెప్పలేవు. ఎండాకాలం ఇవి ఎక్కడో లోపలికి దూరిపోతాయి కాబట్టి వానల్లోనే వెతకాలి. పోయిన రెండు వానాకాలాలూ వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఇది మూడోది. ఈసారీ దొరక్కపోతే ఆ కాగితాలు అటకెక్కించేద్దామని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. అలా అనుకున్న దగ్గర్నుంచీ అన్నం సరిగ్గా సయించడం లేదు.

మా అక్క అది చూసి, "ఒక్కదానివే ఆ గోతుల్లోకి ఏం వెళ్తావే, మీ బావగారు ఖాళీగానే ఉన్నారు" అని ఆయన్ని నాకు అంటగట్టింది. బావగారికి ఉండి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. అప్పుడే రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువులు ఎండగట్టారు. ఆయన ఎవర్నీ ఏకవచనంలో పిలవరు. నన్నూ, పాలేరునీ, ఆఖరికి చెరువులో రొయ్యల్నీ "వారు" అనే అంటారు. నత్తల విషయంలో మాత్రం ఆ మర్యాదలో కాస్త కోపం కలుస్తుంది. "వీరు చెరువులో చేరారంటే నీళ్ళలో సున్నమంతా లాగేసుకుంటారండి. మా రొయ్యకి పెంకు కట్టదు. అలాంటివారిని వెతుక్కుంటూ వెళ్ళడమేంటమ్మా?" అంటూనే తెల్లవారేసరికి స్టేషన్‌కి వచ్చేశారు. చేతిలో రొయ్యలు ఐసులో సర్దే థర్మాకోల్ పెట్టె. భీమవరం మనిషి పక్క ఊరు వెళ్ళినా ఆ పెట్టె లేకుండా కదలడు.

భీమవరం టౌన్‌లో పొద్దున్నే రాజమండ్రి వెళ్ళే పాసింజరు ఎక్కాం. నాలాగా వెళ్ళాలనుకునేవారికి ఈ బండే మేలు. కిటికీ సీటు దొరుకుతుంది, కొవ్వూరులో టిఫిన్ వేళకి దింపుతుంది. అత్తిలి దాకా రెండు పక్కలా చెరువులు, వాటిలో ఏరియేటర్లు చిమ్మే నురగ. అక్కణ్ణుంచి నెమ్మదిగా వరి మొదలవుతుంది. నాట్లు పడుతున్నాయి. మబ్బు దిగి ఉంది కానీ వాన లేదు. నాకు ఆ మబ్బు మీదే ప్రాణం.

తణుకులో సత్తెమ్మ అనే ఆవిడ చేపల గంప ఎత్తుకుని ఎక్కి, మా ఎదురుగా కూర్చుంది. బావగారి పెట్టె చూసి సరుకేంటని అడిగింది.

"సరుకు లేదండి. నత్తల కోసం వెళ్తున్నామండి" అన్నారు బావగారు, తప్పు తనది కాదన్నట్టు నావైపు చూపిస్తూ.

"నత్తగుల్లలా? మా ఏటి గట్టున గంపలకొద్దీ ఉంటాయి కదండీ. ఉల్లిపాయేసి వండితే ఆ రుచే వేరు. ఎంతుంటాయేంటి మీవి?"

నేను వేలి కొసమీద గోటితో చుక్కంత చూపించాను. ఆవిడ ఆ వేలి వంక, నా మొహం వంక మార్చి మార్చి చూసి, "ఇది కూరకి కాదు, తాలింపుకి కూడా చాలదండి" అంది. బోగీలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. దిగేముందు మాత్రం నా భుజం తట్టి, "దొరుకుతాయిలెండమ్మా" అంది. ఎందుకో ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి.

కొవ్వూరులో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. అల్లం పచ్చడి బాగుంది, ఇంకోసారి వేయమంటే విసుక్కోకుండా వేశారు. దేవరపల్లి వైపు వెళ్ళే బస్సులు తరచుగానే ఉన్నాయి. క్వారీలు దగ్గరవుతున్నాయని వేరే చెప్పక్కర్లేదు. చెట్ల ఆకులు బూడిద రంగుకి తిరుగుతాయి, టిప్పర్లు బస్సుని ఒరుసుకుంటూ పోతాయి. రోడ్డు మీద దిగి కొంత దూరం నడవాలి. నడిచేవారు గొడుగు, పాత చెప్పులు తెచ్చుకోవడం మంచిది. లోపలికి వెళ్ళేందుకు ముందే అడిగి ఒప్పించుకోవాలి. నేను అడిగి పెట్టుకున్నాను.

కాపలా ఉండే అప్పారావుగారు నన్ను గుర్తుపట్టారు. "మళ్ళీ వచ్చారా మేడమ్‌గారూ! మీ నత్త ఇంకా దొరకలేదా అండి?" అన్నారు. తర్వాత కాస్త గట్టిగా, మూడింటికల్లా బయటికి వచ్చేయాలనీ, ఆ తర్వాత పక్క క్వారీలో పేలుళ్ళుంటాయనీ చెప్పారు.

గోతి గోడ పైనంతా నల్లరాయి, నడుము దగ్గర తెల్లటి పొర, అడుగున పిచ్చిమొక్కలు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆకులూ మట్టీ తెల్ల పళ్ళెంలోకి దులుపుకుంటూ, భూతద్దంతో ఒక్కో రేణువూ చూసుకుంటూ వెళ్ళాను. గుల్లలు దొరికాయి. అన్నీ ఖాళీవే, ఎండిపోయి సున్నం రంగుకి తిరిగినవే. బావగారు కాసేపు గొడుగు పట్టారు, కాసేపు రాతిలో గుల్లలు చూసి ముచ్చటపడ్డారు, ఆ తర్వాత అక్క కట్టిచ్చిన పులిహోర విప్పారు. నాకు ముద్ద దిగలేదు.

"తినండమ్మా. పట్టుబడి రోజున వల ఖాళీగా వస్తే మేమూ ఇలాగే కూర్చుంటామండి. కానీ తింటాం" అన్నారు. తిన్నాను.

చెయ్యి కడుక్కుంటుండగా వాన అందుకుంది. గట్టివాన కాదు, జల్లు. తెల్లరాతి మీంచి నీళ్ళు సన్నగా కారడం మొదలైంది. ఆ తడి గోడ మీద, నా కళ్ళకి సూటిగా, ఒక ఆవగింజ జరిగింది. నీటితో కొట్టుకుపోయిందేమో అనుకున్నాను. కానీ అది పైకి వెళ్తోంది. భూతద్దం మీద వాన చుక్కలు పడి ఏమీ సరిగ్గా కనబడలేదు. "బావగారూ!" అని ఒక్క కేక పెట్టాను. పాము అనుకుని ఆయన కర్రతో పరిగెత్తుకొచ్చారు.

చెయ్యి చాచినంత మేరలో పదో పన్నెండో పాకుతున్నాయి. తడి కుంచెతో ఒక్కోదాన్నీ తీసి, నాచు వేసిన చిన్న సీసాలోకి దించాను. అప్పటికే మూడు కావస్తోంది. అప్పారావుగారు పైనుంచి ఈల వేస్తున్నారు. గోడ ఫోటోలూ, కొలతలూ తీసుకోవాలి. "బావగారూ, ఇవి మీకు అప్పగిస్తున్నాను, జాగ్రత్తగా సర్దండి" అని సీసా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాను. ఎలా సర్దాలో చెప్పలేదు. ప్రాణమున్న సరుకు సర్దడంలో ఆయనకి ఉన్న అనుభవం నాకెక్కడిది అనుకున్నాను.

రోడ్డు మీద సోడా కొట్టు దగ్గర ఆయన ఐసు ముక్కలు అడిగి పెట్టెలో వేసుకోవడం చూశాను, పట్టించుకోలేదు. బస్సులో కూర్చున్నాక ఇక ఆగలేక, సీసా ఇమ్మన్నాను.

"సీసా ఎందుకండి? చక్కగా ప్యాక్ చేశానుగా" అంటూ మూత తీసి చూపించారు. ఐసు ముక్కల మధ్య ఉబ్బిన ప్లాస్టిక్ కవరు, మూతికి రబ్బరు బ్యాండు. అడుగున నీళ్ళు, పైన గాలి. రొయ్యపిల్లల్ని హేచరీ నుంచి చెరువుకి తెచ్చే పద్ధతి అది.

"మినరల్ వాటరే పోశానండి. ఆక్సిజన్ సిలిండర్ లేదు గనక నోటితో ఊదాను."

"బావగారూ, ఇవి నేల నత్తలండీ! నీళ్ళలో పోస్తే చచ్చిపోతాయి!"

బస్సంతా మావైపు తిరిగింది. ఆయన మొహం పాలిపోయింది. "ప్రాణమున్నవారిని నీళ్ళు లేకుండా ఎలా పంపుతామమ్మా..." అని గొణిగి, పెట్టె మూత మెల్లగా పెట్టేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమో, నా ఖర్మ మీద కోపమో తెలియదు. ఆ కుదుపుల్లో కవరు విప్పితే మిగిలినవి కూడా ఒలికిపోతాయి. కొవ్వూరు దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. నా గొడుగు, సంచి, పెట్టె అన్నీ బావగారే ఒళ్ళో పెట్టుకున్నారు.

కొవ్వూరు ప్లాట్‌ఫారం మీద వెలుతురు బాగున్న బెంచీ చూసుకుని, కవరు ఎత్తి పట్టుకోమన్నాను. ఆయన రెండు చేతులతో, అభిషేకం బిందె పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ముందు నీటి పైన చూశాను. ప్లాస్టిక్ గోడ మీద, ఆయన ఊదిన గాలిలో, నాలుగు నత్తలు అంటుకుని ఉన్నాయి. ఒకటి కొమ్ములు చాచింది. తర్వాత అడుగున, నీళ్ళలో మునిగినవాటి మీద భూతద్దం పెట్టాను. గుండ్రటి నోళ్ళు నావైపే ఉన్నాయి. ఒక్కటీ ఖాళీగా లేదు. ప్రతి నోటికీ లోపలివైపు బిగించి, పల్చటి గోధుమరంగు బిళ్ళ ఉంది.

"తలుపు" అన్నాను.

"చచ్చిపోయారా అండి?" అన్నారు బావగారు, కవరు కదలకుండా.

"లేదు బావగారూ. మీరు నీళ్ళు పోశారని తలుపులు వేసుకున్నారు." నాకు తెలియకుండానే ఆయన మర్యాద నా నోటికి వచ్చింది. నేను సీసాలో నాచు మీద పెట్టుకొచ్చి ఉంటే అవి హాయిగా పాకుతూ ఉండేవి, ఆ తలుపు కోసం నేనింకా ఎంతసేపు తంటాలు పడేదాన్నో. బెంచీ మీదే నీళ్ళు వంపి, వాటిని నాచులోకి మార్చాను. బస్సులో అరిచినందుకు ఏదో అనబోతే, ఆయన "బండొస్తోందండి" అని మాట తప్పించేశారు.

సాయంత్రం బండిలో జనం కిక్కిరిసి ఉన్నా మాకు ఒక మూల చోటు దొరికింది. నిడదవోలు దాటేసరికి ఒక్కొక్క నత్తా తలుపు తీసింది. నేను ఫోన్‌లో మాష్టారికి రాస్తున్నాను, భూతద్దం బావగారి దగ్గర ఉండిపోయింది. అడిగినా ఇచ్చేలా లేరు. జీవితమంతా నత్తల్ని తిట్టిన మనిషి, సీసాకి కన్ను ఆనించి, నేను అడిగినవన్నీ చూసి చెబుతున్నారు.

ఒళ్ళు తెల్లగా, పాలవిరుగుడు నీళ్ళలా ఉందట. కొమ్ములు రెండేనట. కళ్ళు కొమ్ముల కొసన కాదట, మొదట్లో నల్లగా చుక్కల్లా ఉన్నాయట. తలుపు పాదం వెనక ఉందట. నేను ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయాను. ఆ జాతిని ప్రాణంతో చూసి వర్ణించిన మాటలు లోకంలో అవే మొదటివి. అత్తిలి దాటాక, చెరువుల మీద దీపాలు వెలిగే వేళకి, ఆయన తల ఎత్తకుండానే నెమ్మదిగా అన్నారు:

"అమ్మా, వీరు మనల్నే చూస్తున్నారండి."

అది కూడా రాశాను.