ముప్పై ఎనిమిదికి హైలెస్సా

ఉప్పాడ లోవరాజుకు దేవుడిచ్చిన ఆస్తి ఏదైనా ఉందంటే అది గొంతు. పక్కవాణ్ణి మంచినీళ్ళు అడిగితే పై అంతస్తులో వాళ్ళు చెంబు పట్టుకుని దిగివచ్చేటంత గొంతు. బహ్రెయిన్‌లో, సల్మాబాద్ క్యాంపులో, ఒకే గదిలో ఆరుగురు సర్దుకుని పడుకునే చోట అలాంటి ఆస్తి ఎవరికి కావాలి? గదిలో మిగతా ఐదుగురూ బంగ్లాదేశ్, నేపాల్ కుర్రాళ్ళు. లోవరాజు నోరు తెరిస్తే చాలు, "ఆహిస్తా భాయ్, ఆహిస్తా" అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఇంకా లోపలికి నొక్కుకునేవారు.

అతని పని ఏసీ గాలి పోయే రేకు డక్టులు చేసే వర్క్‌షాపులో. పగలంతా రేకుల మోత. ఆ మోతలో గొంతు చించుకుంటే తప్ప మాట ఆనదు. అలా పన్నెండేళ్ళు అరిచిన మనిషి సాయంత్రం క్యాంపుకు వచ్చి గుసగుసలాడమంటే ఎలా ఆడతాడు? ఇంటికి ఫోన్ చేస్తే భార్య సత్యకుమారిదీ అదే పాట.

"మెల్లగా మాట్లాడయ్యా! ఈదంతా ఇంటన్నారు. నువ్వు పంపిన డబ్బులెంతో మనకన్నా ముందు ఆళ్ళకే తెలిసిపోతన్నాయి."

దాంతో లోవరాజు సగం మాటలు మింగేసేవాడు. తిన్నావా, తిన్నాను, పిల్ల బాగుందా, బాగుంది. అంతటితో ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చునేవాడు. తన చుట్టూ ఇంతమంది ఉన్నారు, తనతో మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఎవరితోనూ చెప్పుకోలేదు, చెప్పుకుంటే అరిచినట్టుంటుంది కదా.

అదే గొంతుకు ఒకప్పుడు ఉప్పాడ ఒడ్డున ఎంత మర్యాద ఉండేదని! అలివి వలను ఒడ్డుకు లాగేటప్పుడు తాడు పట్టుకునేవాళ్ళు ఎందరున్నా, కేక వేసేవాడు లోవరాజే. తాడు ముందు నిలబడి "హైలెస్సో" అనేవాడు. వెనకున్న వాళ్ళందరూ ఒక్క గుంజు గుంజి "హైలెస్సా" అనేవారు. ఆ కేకలో సగం ఒకడిది, సగం అందరిదీ. రెండో సగం రాకపోతే మొదటిది ఒట్టి అరుపు. తర్వాత సముద్రం ఒడ్డును కోసుకుంటూ వచ్చింది. వల లాగడానికి నిలబడే ఇసకే లేకుండా పోయింది. తాడు పట్టిన వాళ్ళు తలో దిక్కుకూ చెదిరిపోయారు. లోవరాజు ఇక్కడ తేలాడు.

చలికాలం మొదలైన ఒక గురువారం సాయంత్రం పక్క గది లింబాద్రి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. క్యాంపులో ఏ పని ఎక్కడ దొరికినా ముందు అతని చెవినే పడేది.

"లోవన్నా, రేపు బేస్‌బాల్ ఆట ఉన్నదే. మనల్ని బస్సుల తీస్కపోతరు. టీషర్టు, టోపీ, బిర్యానీ ప్యాకెట్టు ఇస్తరు. ఉత్తగ కూసోని చప్పట్లు కొట్టుడే."

"ఆడేదెవరు?"

"ఎవలైతే మనకేందే? బిర్యానీ మనదే గదా."

సంగతేమిటంటే, గల్ఫ్‌లో కొత్తగా ఒక బేస్‌బాల్ లీగు మొదలైంది. నాలుగు జట్లు. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆటగాళ్ళను ఒక్క సీజన్‌కు జీతానికి తెచ్చుకున్నారు. బహ్రెయిన్ జట్టుకు, ఒకప్పుడు ఇక్కడి సముద్రంలో ముత్యాలకు మునిగినవాళ్ళ గుర్తుగా, డైవర్స్ అని పేరు పెట్టారు. ఊరికి దక్షిణంగా ఎడారిలో పచ్చగడ్డి పరిచి మైదానం కట్టారు. అన్నీ కుదిరాయి గానీ చూసేవాళ్ళు కుదరలేదు. టీవీలో ఖాళీ కుర్చీలు కనబడితే ప్రకటనలిచ్చేవాళ్ళ మొహాలు మాడిపోతాయి. అందుకని ఆటగాళ్ళతో పాటు జనాన్ని కూడా కాంట్రాక్టుకే తెచ్చుకున్నారు.

మొదటి శుక్రవారం బస్సు దిగినవాళ్ళలో సగం మంది బిర్యానీ తిని కుర్చీల్లోనే నిద్రపోయారు. వారమంతా డ్యూటీ, ఓవర్‌టైం చేసి వచ్చిన ఒళ్ళు మరి. మేలుకున్నవాళ్ళకు ఆట తల కిందులుగా ఉంది. గుండ్రటి బ్యాటు, కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి బయలుదేరిన చోటికే రావడం. లింబాద్రి ముందు నిలబడి ఎర్రజెండా ఊపినప్పుడు అందరూ చప్పట్లు కొట్టాలి. ఒకసారి అతను చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తితే, ఎదుటి జట్టువాడికి చప్పట్లు మోగిపోయాయి.

క్యాంపువాళ్ళను కూర్చోబెట్టింది మైదానం కుడి మూల చివర. వాళ్ళకు దగ్గరగా కనిపించే ఆటగాడు ఒక్కడే. నల్లటి పొడగరి, నడివయసు, వీపు మీద ముప్పై ఎనిమిది నంబరు. అతని పని ఆ మూలకు వచ్చిన బంతిని పట్టుకోవడం. బంతేమో ఆ మూలకు ఎప్పుడో గానీ రాదు. వచ్చేదాకా అతను ఒంటరిగా నిలబడి బూటుతో గడ్డి తన్నుకుంటూ ఉంటాడు. మిగతావాళ్ళు ఒకరితో ఒకరు ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటారు. ఇతనికి పలకరింపు లేదు.

లోవరాజుకు ఆట తెలియలేదు గానీ ఆ నిలబడడం బాగా తెలిసింది. అయ్యో, నాలాంటోడే అనుకున్నాడు. అనుకుని ఊరుకుంటే కథ లేదు. లేచి నిలబడి, జెండా లేదు ఏమీ లేదు, గుండెల నిండా గాలి పీల్చి కేక వేశాడు.

"హైలెస్సో!"

నిద్రపోతున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. వాళ్ళలో పద్మా నది మీద పడవలు నడిపిన బంగ్లాదేశ్ వాళ్ళున్నారు. భాష వేరైనా ఆ కేకలో ఏం చెయ్యాలో వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండోసారి లోవరాజు "హైలెస్సో" అనగానే ఆ మూల కుర్చీలన్నీ ఒక్కసారిగా "హైలెస్సా" అన్నాయి. ముప్పై ఎనిమిది వెనక్కి తిరిగాడు. ఎవరు అరిచారా అని వెతికి, నిలబడి ఉన్న లోవరాజును చూసి, టోపీ తీసి పైకెత్తాడు.

ఆ టోపీ తనకోసమే లేచిందని నమ్మడానికి లోవరాజుకు కాసేపు పట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టీవీవాళ్ళకు ఆ గోల తెగ నచ్చింది. ఆ పై శుక్రవారం నుంచి జెండా మూలపడింది, కేక లోవరాజు చేతికి వచ్చింది. గేటు దగ్గర టికెట్లు చూసే అబూ జాసిమ్ అనే ముసలి బహ్రెయినీ ఒకరోజు అతని భుజం తట్టి ఆపాడు. తన తాత ముత్యాల పడవలో పనిచేసేవాడనీ, ఆ పడవలో నీళ్ళలో మునగకుండా, తాడు ముట్టకుండా, గొంతెత్తి పాడడమే పనిగా ఒక మనిషి ఉండేవాడనీ, వాడు లేకపోతే పడవ కదిలేది కాదనీ విరిగిన హిందీలో చెప్పాడు. "తుమ్ ఓహీ ఆద్మీ" అన్నాడు. నువ్వు ఆ మనిషివే అని.

ఆ తర్వాత లోవరాజుకు వారమంటే శుక్రవారమే. డైవర్స్ జట్టు వరసగా ఓడిపోతూనే ఉంది, అది వేరే సంగతి. క్యాంపులో "ఆహిస్తా భాయ్" అన్న కుర్రాళ్ళే మెస్సులో ఎదురుపడి "హైలెస్సో!" అని పలకరించసాగారు. ముప్పై ఎనిమిది తన మూలకు రాగానే ముందు వెనక్కి తిరిగి టోపీ ఎత్తేవాడు. లోవరాజు కేక వేసేవాడు. ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ అంతే. అదే చాలనుకున్నాడు లోవరాజు.

సీజన్ సగం దాటాక ఒక శుక్రవారం బంతి బాగా పైకి లేచింది. కుడి మూలకూ మధ్యకూ నడుమ దిగుతోంది. ఇటు నుంచి ముప్పై ఎనిమిది, అటు నుంచి మధ్యలో ఉండే ఆటగాడు, ఇద్దరూ తలలు పైకెత్తి పరిగెత్తారు. అలాంటప్పుడు పట్టుకునేవాడు "నాది" అని అరుస్తాడు, రెండోవాడు తప్పుకుంటాడు. ఆ ఆటలో పద్ధతి అది. లోవరాజుకేం తెలుసు? ముప్పై ఎనిమిది ఇన్నాళ్ళకు బంతి కోసం పరిగెడుతున్నాడన్న సంబరంలో, ఎన్నడూ వేయనంత గట్టిగా కేక వేశాడు. ఆ మూలంతా బదులు పలికింది. అవతలివాడు అరిచిన "నాది" ఆ హోరులో కొట్టుకుపోయింది.

ఇద్దరూ గుద్దుకున్నారు. ఒకడు లేచాడు. ముప్పై ఎనిమిది భుజం పట్టుకుని గడ్డిలోనే ఉండిపోయాడు.

అతన్ని నడిపించుకుంటూ తీసుకెళ్ళాక కోటు వేసుకున్న లీగు మనిషి ఒకడు వచ్చి లింబాద్రితో మాట్లాడి వెళ్ళాడు. తిరుగు బస్సులో లింబాద్రి వచ్చి లోవరాజు పక్కన కూర్చున్నాడు.

"నువ్వు ఒర్రినందుకే ఆళ్ళకు ఇనరాలేదట అన్నా. ఇగ నిన్ను బస్సు ఎక్కించుకోవద్దన్నరు. నా శేతుల ఏం లేదే."

లోవరాజు తల ఊపాడు. గదిలో, ఫోన్‌లో, ఎక్కడా పట్టని గొంతు ఇక్కడ పట్టిందనుకుంటే, పట్టిన చోటే ఒక మనిషిని నేల కూల్చింది. అప్పటి నుంచి నోరు కుట్టేసుకున్నాడు. శుక్రవారం బస్సు వెళ్ళిపోయాక ఖాళీ క్యాంపులో బట్టలు ఉతుక్కునేవాడు, ఉతికినవే మళ్ళీ ఉతికేవాడు. అతని మనసులో ఒక్కటే ముల్లు. ఆ మనిషికి కోపం వచ్చి ఉంటుందా? ఆ భుజం బాగుపడిందా? భాష తెలియని మనిషిని క్షమించమని ఎలా అడుగుతారు?

సీజన్ ఆఖరి వారం లింబాద్రి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "ఖలాస్ అన్నా. రేపు ఆఖరి ఆటనట. టీవోళ్ళు రారు, బస్సు బంద్, బిర్యానీ బంద్."

"ముప్పయెనిమిది ఆడతాడా?"

"భుజానికి పట్టీ కట్టుకొని ఆడుతుండట. నీకెందుకే?"

లోవరాజు లెక్క వేరు. ఎక్కించుకోవద్దన్న బస్సే లేనప్పుడు అడ్డేమిటి? వెళ్ళాలి, కూర్చోవాలి, నోరు తెరవకూడదు, ఆ భుజం ఒక్కసారి చూసి వచ్చెయ్యాలి. ఆ మర్నాడు పిలవని పేరంటానికి వెళ్ళినట్టే వెళ్ళాడు. ఊరి బస్సు దిగి, ఎండలో ఎడారి రోడ్డు పట్టి నడిచాడు. గేటు దగ్గర అబూ జాసిమ్ టికెట్ అడగలేదు. చెయ్యి గుండెల మీద పెట్టుకుని లోపలికి దారి చూపించాడు.

లోపల బ్యాటింగ్ చేసే వైపు కొద్దిమంది కుటుంబాలతో కూర్చున్నారు. కుడి మూలన కుర్చీలన్నీ ఖాళీ. వాటి మీద ఇసక పేరుకుంది. లోవరాజు ఎప్పుడూ కూర్చునే కుర్చీనే చేత్తో తుడుచుకుని కూర్చున్నాడు. అంత పెద్ద ఖాళీలో ఒక్క మనిషి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని.

ముప్పై ఎనిమిది తన మూలకు వచ్చాడు. చొక్కా కింద భుజం ఉబ్బెత్తుగా ఉంది. వెనక్కి తిరిగి చూశాడు. లోవరాజు తల దించుకున్నాడు. ఆట సాగింది. అతను వచ్చాడు, నిలబడ్డాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. చివరికి ఒకసారి పూర్తిగా తిరిగి, చెయ్యి చెవి వెనక పెట్టుకుని నిలబడ్డాడు.

లోవరాజు తన భుజం చూపించి రెండు చేతులూ జోడించాడు. ముప్పై ఎనిమిది కాసేపు అర్థం కానట్టు చూశాడు. అర్థమైంది కాబోలు, పట్టీ ఉన్న భుజం మీద తనే రెండు దెబ్బలు కొట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, మళ్ళీ చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

లోవరాజు లేచాడు. చుట్టూ చూశాడు. అరవమంటే అరుస్తాడు, బదులు పలికేదెవరు? రెండో సగం రాని కేక ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అయినా ఆ మనిషి అడుగుతున్నాడు.

"హైలెస్సో!"

కేక ఖాళీ కుర్చీల మీదుగా పోయి రేకుల కప్పుకు తగిలి ఆగిపోయింది. ఏమీ రాలేదు. లోవరాజుకు సిగ్గేసింది. కూర్చోబోయాడు.

"ఐలేసా!"

మైదానంలోంచి. వంకరగా, తప్పుగా, ఒక్క గొంతు. ముప్పై ఎనిమిది గ్లవ్ నోటి పక్కన పెట్టుకుని అరుస్తున్నాడు. సీజనంతా వినీ వినీ అతనికి ఆ సగం వచ్చేసింది. లోవరాజు మళ్ళీ అన్నాడు. అతను మళ్ళీ పలికాడు. మధ్యలో ఉండే ఆటగాడు నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దరినీ పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు. బంతి పైకి లేచిన ప్రతిసారీ లోవరాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కింద పడ్డాక అరిచాడు. ఆట అయ్యేదాకా ఇద్దరూ ఆ లేని వలను లాగుతూనే ఉన్నారు.

డైవర్స్ ఆ ఆట కూడా ఓడిపోయింది. ముప్పై ఎనిమిది టోపీ ఎత్తి, అలాగే పట్టుకుని, మిగతావాళ్ళతో కలిసి లోపలికి వెళ్ళిపోయాడు. ఇక అతను ఏ దేశం పోతాడో లోవరాజుకు తెలియదు. అతని పేరూ తెలియదు.

పొద్దు వాలుతుండగా రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. కొన్నేళ్ళుగా తిన్నావా, తిన్నాను తప్ప చెప్పడానికేమీ లేని మనిషికి ఇవాళ చెప్పవలసింది గుండెల నిండా ఉంది. సత్యకుమారి ఫోన్ ఎత్తింది. లోవరాజు నోరు తెరిచాడు. గొంతు పూర్తిగా పోయింది. గాలి మాత్రమే వచ్చింది.

"ఏటయ్యా?"

మళ్ళీ ప్రయత్నించాడు. పక్కన నిలబడినవాడికి కూడా వినపడనంత చిన్నగా ఏదో వచ్చింది.

"ఇనపడతం లేదయ్యా," అంది సత్యకుమారి. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోట ఎన్నడూ రాని మాట అప్పుడు వచ్చింది. "గట్టిగా మాట్లాడు. కాస్త గట్టిగా మాట్లాడయ్యా."