మామ కొలత చెక్క

నా తల వల లాంటిది. అయ్యవార్లు పోసిన చదువంతా కారిపోయింది, ఎకసెక్కాలు మాత్రం చిక్కుకున్నాయి. ఏడో క్లాసులోనే స్కూలుకు నా పీడ విరగడైంది. కానీ అదే తలలో ఒక సంగతి ఇన్నేళ్లుగా ఇరుక్కుని ఉంది. బయటికి రాదు, అరగదు. మీకు చెబుతాను. మీరు నన్నెరగరు, అదే నా ధైర్యం.

మండికల్ దగ్గర మా ఊళ్లో మేనమామ వలలు అల్లేవాడు. నన్ను చంకనేసుకుని పెంచినవాడు. వలలో ప్రతి కన్నుకూ ఒక చిన్న చెక్క చుట్టూ దారం తిప్పి ముడి వేయాలి. చెక్క ఎంత వెడల్పుంటే కన్ను అంత. మామది వాళ్ల నాయన నాటి చెక్క. దాని మీద నమ్మకంతో, కన్ను వైపు చూడకుండా, కబుర్లు చెబుతూనే అల్లేవాడు.

చెరువు ఎండిన కాలంలో ఆ చెక్క చూరులో ఊరికే పడి ఉండేది. ఒకరోజు దానితో సోడా మూత తీయబోయాను. అంచు పెచ్చు లేచింది. భయమేసింది. కొడవలితో అంచంతా సమంగా చెక్కి, నూనె రాసి, మళ్లీ చూరులో పెట్టేశాను. కాస్త సన్నబడింది, అంతే కదా అనుకున్నాను. అంతేనా?

తర్వాత వానలు పడ్డాయి. మామ ఆ చెక్కతోనే కొత్త వల అల్లాడు. చెరువులో మొదటిసారి వల వేసే రోజు, పెద్దమనిషి ఒకరు కన్నులో మూడు వేళ్లు పెట్టి చూడటం మా ఊరి వాడుక. పట్టకపోతే ఆ వల నీళ్లలో దిగదు. చేపపిల్లలు బతకాలి కదా. మామ వలలో వేళ్లు పట్టలేదు. మామ వలను చూశాడు, తన చేతులను చూసుకున్నాడు.

అప్పుడైనా చెప్పకూడదా నేను? ఎవరైనా చెక్క తెమ్మంటారేమోనని, అందరికంటే ముందు నోరు తెరిచాను.

"ఏం మామా, ఇది చేపలకా, దోమలకా? కండ్లు మసకైనాయని చెప్పుండకూడదా?"

చెరువు కట్ట మీదున్న ఊరంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. "అవునప్పా, వయసైపాయ" అని వల మడిచాడు. మళ్లీ అల్లలేదు.

చింతామణిలో కంటి డాక్టరుకు నేనే చూపించాను. చూపు బాగుందని డాక్టరంటే మామ నమ్మలేదు, నా మాటే నమ్మాడు. నేను పనిచేసే మార్కెట్ నుంచి ఊరికి వెళ్లినప్పుడల్లా ఆయనకిష్టమైన సపోటాలు తీసుకెళతాను. అది ప్రేమే, అబద్ధం కాదు. అయితే అందులో ప్రేమ ఎంత, భయం ఎంత? ఇప్పటికీ విడదీయలేను.

మొన్న దొడ్లో ఆయన ఒక్కడే ఉన్నప్పుడు అంతా చెప్పేశాను. మామ తన వేళ్లను చూసుకున్నాడు. తర్వాత అన్నాడు:

"ఊరంతా ఉండే కట్ట మింద నన్ను గుడ్డోణ్ణి చేసినావు. చెప్పేకి మాత్రం దొడ్లోకి వస్తివా అప్పా?"