లిథువేనియన్ శాఖకు నేను అధిపతినైన వైనం

అనంతపురంలో నేను తెలుగు చెప్పే ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు తీసుకునే పిల్లలు బహు తక్కువ. సంస్కృతమైతే మార్కులు బాగా పడతాయని అందరూ అటే పోయేవారు. నాకు బోలెడు తీరిక. ఆ తీరికలో చదివిందే లిథువేనియన్ భాష కథ.

మాతృభాషా దినోత్సవం వచ్చింది. రాప్తాడు వైపు సేద్యమూ, కొంత రాజకీయమూ ఉన్న మా ఛైర్మన్ నన్ను పిలిపించారు.

"తెలుగు గురించి వద్దు సార్, అది అందరికీ తెలిసిందే. ఏదన్నా ఫారిన్‌ది చెప్పు. గొప్పగా ఉంటాది."

సభలో లిథువేనియన్ కథే చెప్పాను. అక్కడి దొరలు పోలిష్ మాట్లాడుతూ తమ పల్లె భాషను చిన్నచూపు చూశారు. తర్వాత రష్యా చక్రవర్తి, రాస్తే మా లిపిలోనే రాయండని వాళ్ల లిపిలో అచ్చు వేయడాన్ని నిషేధించాడు. రైతులు పక్క దేశంలో పుస్తకాలు అచ్చు వేయించి, మూటల్లో, బండ్లలో దాచి సరిహద్దు దాటించారు. దొరికినవాళ్లు సైబీరియాకు పోయారు. అయినా ఆపలేదు.

"ఆ భాషలో ఒక మాట చెప్పు సార్, ఇంటాం" అన్నారు ఛైర్మన్ మైకులో.

నాకు తెలిసింది వాళ్లు కృతజ్ఞత చెప్పే మాటొక్కటే. "ఆచ్యూ" అన్నాను.

ముందు వరుసలోని పెద్దావిడ నేను తుమ్మాననుకుని వెంటనే "చిరంజీవ" అని దీవించింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఛైర్మన్ మాత్రం నవ్వకుండా నన్ను పక్కకు తీసుకుపోయారు.

"ఆ దేశం యూరప్‌లోనే కదా ఉండేది? మనం ఈ కోర్సు పెడితే ఎట్లుంటాది?"

"నాకు ఆ భాష రాదండీ."

"ఈడ ఎవురికీ రాదు కదా సార్. తప్పు పట్టేదెవురు?"

వారం తిరక్కుండానే గేటు మీద ఫ్లెక్సీ లేచింది. ఎవరిదో కోటుకు నా తల అతికించి, కింద "లిథువేనియన్ శాఖాధిపతి" అని ఇంగ్లీషులో వేశారు. మా ఆవిడ చూసి, "పెండ్లికి కూడా ఇంత బాగా తయారు కాలేదే నువ్వు" అంది.

గార్లదిన్నె నుంచి ఒక రైతు తన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు.

"సార్, ఈ భాష నేర్చుకుంటే ఆడ పని దొరుకుతాదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. "అన్నా, నాకు ఆ భాషే రాదు. నాకొచ్చింది తెలుగు" అన్నాను.

అతను ఫ్లెక్సీని చూశాడు, నన్ను చూశాడు. "ఏమప్పా, మరి నీ పోటో ఎందుకేసినారు?"

"అదే నాకూ అర్థం కాలేదు."

అతను గట్టిగా నవ్వి, "నిజం చెప్పేటోడి మాదిరుండావు. మా పాపని నీ తెలుగులోనే ఏసుకో" అన్నాడు.

సంగతి ఛైర్మన్‌కు చేరింది. "అడ్మిషన్ల కాలంలో నిజాలు చెప్పమని నీకెవురు చెప్పినారు సార్?" అని కేకలేశారు. మర్నాటికల్లా నా శాఖ రద్దయింది.

ఆ అమ్మాయి మొదటి వ్యాసంలోనే వాళ్లవ్వ మేపే గొర్రెల గురించి రాసింది. "సార్, ఉంది అనేదాన్ని ఉండాది అని రాసినా. కొట్టేస్తారా?" అని భయంగా అడిగింది.

"పెద్ద పరీక్షలో కొట్టేస్తారమ్మా. ఇక్కడ నేను కొట్టేయను."

ఆ పేజీ తరగతికి చదివి వినిపించాను. తప్పిపోయిన గొర్రెపిల్లను అవ్వ తిట్టే చోట పిల్లలు పడీపడీ నవ్వారు. గంట కొట్టినా లేవకుండా, ఆ తిట్లు మళ్లీ చదవమన్నారు.