సార్ చేతికుట్టు

ఆవిణ్ణి అందరూ సూదమ్మ అనేవారు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది కానీ, ఆ సందులో దానితో ఎవరికీ పని పడలేదు. నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద మిగిలిపోయిన జాగాయే ఆవిడ కొట్టు. ముందు ఒక బల్ల, బల్ల వెనక తెర, తెర వెనక కుట్టుమిషన్. కొత్త బట్టలు కుట్టే పని కాదు ఆవిడది. చిరిగినవీ, బిగుతైనవీ, వదులైనవీ, జిప్పు ఊడినవీ, అన్న ఒంటి మీంచి తమ్ముడి ఒంటి మీదికి దిగినవీ ఆవిడ దగ్గరికొచ్చేవి. "కొత్త గుడ్డకేముంది, చెప్పినట్టు వింటుంది. మొండికేసేది పాతదే" అనేది. ప్యాంటు పొడుగు తగ్గించి, అంచు మడిచి చేతికుట్టు వేసిందంటే, ఆ కుట్టెక్కడుందో ఆవిడే మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చేది.

మొగుడు సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే ఉద్యోగం చేసేవాడు. హాలు మూతపడ్డాక వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన చింపడం, ఈవిడ కుట్టడం, ఈడూ జోడూ బాగానే కుదిరిందని సందులో వేళాకోళం. మంచివాడే పాపం. చెడ్డ అలవాట్లు లేవు, పనీ లేదు. నిండైన మీసాలు, నిండైన నవ్వు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కబుర్లు చెప్పి, బట్టలు తెర సందులోంచి లోపలికి అందించేవాడు. కొలతలు తీసేది సూదమ్మే. తీశాక టేపు ఎక్కడ పారేసుకుంటానో అని మొగుడి మెడలో వేసి లోపలికి పోయేది. ఆ గోడకి మేకు దిగదు మరి. చూశారా, ఎంత చిన్న సంగతో! కొంప ముంచింది అదే.

ఇంకొక మనిషి గురించి కూడా చెప్పాలి. పక్క వీధి బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ. ఏళ్ళ తరబడి సూదమ్మ ఖాతా. బట్టలు తీసుకునేటప్పుడు కళ్ళజోడు సర్దుకుని, అంచు తిరగేసి, లోపలి కుట్టు వేలితో తడిమి చూసి, "నువ్వు మామూలు మనిషివి కాదమ్మా" అనేది. అంతే. ఆ ఒక్క మాటకి సూదమ్మ వారం రోజులు నేల మీద నడిచేది కాదు. లోకంలో ఇంకెవరు ఏమన్నా పట్టేది కాదు, టీచరమ్మ ఆ మాట అంటే చాలు.

ఇలా ఉండగా ఒకనాడు ఎర్ర చొక్కా వేసుకున్న కుర్రాయన ఒకడు వచ్చి, తాను చకచక వాళ్ళ మనిషినన్నాడు. చకచక అంటే ఫోన్లో ఉండే కంపెనీ. కుళాయి బాగుచేసేవాణ్ణీ, గోడకి రంగేసేవాణ్ణీ, బట్టలు కుట్టేవాళ్ళనీ ఇంట్లో కూర్చుని పిలుచుకోవచ్చట.

"ఆంటీ, మీరు మాలో చేరండి. మీ పేరు ఊరంతా మోగిపోతుంది" అన్నాడు.

పేరు మోగుతుందంటే ఎవరు మాత్రం కాదంటారు? చేరింది. ఎర్ర సంచుల్లో బట్టలు రావడం మొదలైంది. ఒక్కటే షరతు, చకచకలో చేరినవాళ్ళు ఇంకే కంపెనీలోనూ చేరకూడదు.

కొన్నాళ్ళకి అదే కుర్రాయన నీలం చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఇప్పుడు టకటకలో చేరాను ఆంటీ. జీతం ఎక్కువ. చకచక వాళ్ళు ఒట్టి మోసగాళ్ళు, వాళ్ళ మాట నమ్మకండి."

"ఆ మాటలు చెప్పింది నువ్వే కదయ్యా!"

"అందుకే చెబుతున్నాను" అన్నాడు వాడు, నిమ్మకు నీరెత్తినట్టు. చకచకకి ఈ సందులో కుట్టేమనిషి ఉండి, టకటకకి లేకపోతే వాళ్ళ పైవాళ్ళు ఊరుకోరట. మ్యాపులో ఇక్కడ ఖాళీ కనిపిస్తోందట. ఆవిడ చేరడానికి షరతు అడ్డం. వాడు తల గోక్కుని అటూ ఇటూ చూశాడు. బల్ల దగ్గర మీసాలు, నవ్వు, మెడలో టేపు కనిపించాయి. టక్కున ఫోటో తీశాడు.

"అంకుల్ ఉన్నారుగా!"

"ఆయనకి గుండీ కుట్టడం కూడా రాదయ్యా" అంది సూదమ్మ.

"కుట్టడం రావాలని మా ఫారంలో ఎక్కడా లేదాంటీ."

అలా ఒకే కొట్టులో, ఒకే మిషన్ మీద, ఇద్దరు దర్జీలు వెలిశారు. ఎర్ర సంచి వస్తే సూదమ్మకి, నీలం సంచి వస్తే ఆయనకి. రెండూ తెర సందులోంచి ఒకే ఒళ్ళో పడేవి.

తర్వాత ఆ రెండు కంపెనీలకీ పూనకం వచ్చింది. చకచక వాళ్ళు సగం ధరకే అంటే, టకటక వాళ్ళు ఊరికే అన్నారు. ఊరికే అంటే వీళ్ళు ఎదురు బహుమతి అన్నారు. ఇక జనం ఊరుకుంటారా? చిరగని బట్టలు చింపుకుని మరీ తెచ్చారు. పై అంతస్తు పెద్దాయన ఒకే ప్యాంటుని చకచకలో పొడుగు తగ్గించుకుని, టకటకలో పొడుగు పెంచుకుని, మళ్ళీ చకచకలో తగ్గించుకుంటూ కాలక్షేపం చేశాడు. చివరికి ఆ ప్యాంటు మోకాలి దగ్గర ఆగిపోతే, కంపెనీలు రెండూ ఆయనకి విశిష్ట ఖాతాదారు అని బిరుదిచ్చాయి.

సూదమ్మ తలప్రాణం తోకకొచ్చింది. అయినా కుట్టింది. అసలు మంట పుట్టింది నక్షత్రాల దగ్గర. పని నచ్చితే జనం ఫోన్లో నక్షత్రాలిస్తారు, ఐదు ఇస్తే అందరికంటే గొప్ప. ఎర్ర సంచికి నాలుగు పడేవి, నీలం సంచికి ఐదు. చేసేది అవే చేతులు, అదే దారం. "సార్ నవ్వులోనే నైపుణ్యం ఉంది" అని ఒకరు రాశారు. "ఆ మీసాలు చూస్తేనే తెలుస్తుంది, ఎంత అనుభవమో" అని ఇంకొకరు. మోకాలి ప్యాంటు పెద్దాయనైతే, "అక్కడే ఉండే ఆవిడకంటే సార్ కుట్టు నయం, పోల్చి చూశాను" అని రాశాడు. ఒకే ప్యాంటు మీద! అది చదివాక సూదమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

చకచక ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, మీ పోటీదారు మిమ్మల్ని దాటిపోతున్నారు. ఆయన పద్ధతులు కాస్త గమనించండి" అని సలహా ఇచ్చింది.

"ఎప్పుడూ గమనిస్తూనే ఉన్నానమ్మా. గురక పెడతాడు" అంది సూదమ్మ.

మొగుడు మొదట్లో సిగ్గుపడ్డాడు. ఎవరైనా పొగిడితే మెడలో టేపు సర్దుకుని, తల వంచుకునేవాడు. కానీ పొగడ్త అనేది చెవిలోకి రోజూ పోసే నూనె లాంటిది, ఎక్కడో ఓ చోటికి చేరకుండా ఉండదు. నడక మారింది. అద్దం ముందు మీసం మీద ఎక్కువసేపు నిలవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం తెర తప్పించి, "ఇదిగో, కుట్టు ఇంకాస్త దగ్గరగా వెయ్యి. నా పేరు పోతుంది" అన్నాడు.

సూదమ్మ మిషన్ ఆపింది. కత్తెర ఒళ్ళో పెట్టుకుని ఆయన వంక చూసింది. ఆయన గబుక్కున తెర మూసేశాడు.

అది సరే, ఇంటి గొడవ. గుండెలో గుచ్చుకున్నది వేరే. టీచరమ్మ వచ్చి, సూదమ్మని దాటుకుని, బట్టల సంచి మొగుడి చేతికిచ్చింది. నీలం సంచి.

"ఏమనుకోకమ్మా, బళ్ళో అందరూ సార్ దగ్గరే ఇస్తున్నారు. చేతికుట్టులో ఆయనకి సాటి లేరట కదా" అంది.

సూదమ్మ తెర వెనక్కి పోయి ఏడ్చింది. ఆ బట్టలే కుడుతూ ఏడ్చింది. సాయంత్రం టీచరమ్మ వచ్చి, అంచు తిరగేసి, వేలితో తడిమి, "మీరు మామూలు మనిషి కాదు సార్" అని పోయింది.

"ఏవండీ, ఇక చాలు. నిజం చెప్పేయండి" అంది సూదమ్మ ఆ పూటే.

ఆయన మంచివాడేనని చెప్పాను కదా. భార్య కళ్ళు చూసి దిగొచ్చాడు. ఫోన్లో తన పేరు కింద, అందరికీ కనబడేలా రాశాడు: "అయ్యా, అమ్మా, కుట్టేదంతా నా భార్యే. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఇది సత్యం."

తెల్లారేసరికి నక్షత్రాల వాన కురిసింది. "ఇంత గొప్ప పనివాడై ఉండి ఎంత వినయం!" "భార్యని ఇంతలా గౌరవించే మగవాణ్ణి ఈ రోజుల్లో చూడగలమా?" "మా ఆయనకి చదివి వినిపించాను, మొహం చాటేశాడు." టకటక వాళ్ళు ఆయన ఫోటోకి పూలదండ బొమ్మ తగిలించారు. సూదమ్మ అవన్నీ వరసగా చదివి, ఫోన్ బల్ల మీద పెట్టి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఇంతలో ఆ రెండు కంపెనీలూ కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయి ఒకటైపోయాయి. కొత్త పేరు చకటక. మన కుర్రాయన ఊదారంగు చొక్కాలో దిగాడు.

"ఒక చిరునామాకి ఒక్క దర్జీయే ఉండాలాంటీ. ఇద్దరుంటే నక్షత్రాలు తక్కువున్నవాళ్ళని మిషనే తీసేసింది."

"ఏ మిషన్?"

"కంపెనీ మిషన్."

"మరి కుట్టే మిషన్ మీద కూర్చునేది ఎవరు?"

"సార్ దగ్గర సహాయకురాలిగా చేరొచ్చు. సార్ మీకు నక్షత్రాలివ్వాలి." వాడు కాస్త ఆగి, "తెర మాత్రం తీసెయ్యాలి. సార్ పని జనం కళ్ళారా చూడాలని పైవాళ్ళ ఆజ్ఞ" అన్నాడు.

తెర తీసేశారు. తీస్తే నిజం బయటపడుతుందని సూదమ్మ లోలోపల ఆశపడింది. ఆవిడ అందరి కళ్ళ ముందూ కుట్టింది. ఆయన పక్కన కూర్చుని నవ్వాడు. జనం నిలబడి చూసి, "కొత్తమ్మాయిని పెట్టుకున్నారా సార్? దగ్గరుండి నేర్పిస్తున్నారే, ఓపిక ఎక్కువ మీకు" అన్నారు. కొత్తమ్మాయట! నెత్తిన నెరిసిన వెంట్రుకలకైనా మర్యాద ఇవ్వొద్దూ?

మొగుడు ఆవిడకి నాలుగు నక్షత్రాలే ఇచ్చాడు. అడిగితే, "ఐదిస్తే సొంత మనిషని ఇచ్చానంటారే" అని నసిగాడు. ఆ రోజంతా సూదమ్మ ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు టీచరమ్మ ఆదరాబాదరా వచ్చింది. చేతిలో నల్ల కోటు, దాని చెయ్యి లోపలి లైనింగ్ ఊడి వేలాడుతోంది. ఆ సాయంత్రమే బళ్ళో ఆవిడ వీడ్కోలు సభట, ఆ కోటే వేసుకోవాలట. అప్పటికే బల్ల ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. మొగుడు అలవాటుగా కోటు అందుకుని పక్కకి జరిపాడు. సూదమ్మ టీచరమ్మ కళ్ళెదుటే కూర్చుని, లైనింగ్ సర్ది, సన్నటి సూదితో చుట్టూ కుట్టుకొచ్చింది. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు. ఇప్పుడైనా తెలుస్తుంది, ఈవిడకైనా తెలుస్తుంది అనుకుంటూ కుట్టింది.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, కోటు చెయ్యి తిరగేసి, వేలితో తడిమింది. మొహం వెలిగిపోయింది.

"చాలా బాగా వచ్చిందమ్మా. సార్ బాగా నేర్పారు నీకు."

సూదమ్మ చెయ్యి చాచి కోటు వెనక్కి తీసుకుంది. కత్తెర మొనతో ఒక కుట్టు ఎత్తింది, తెంపింది. ఇంకొకటి ఎత్తింది. నిలబడ్డవాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూస్తుండగా, తాను వేసిన కుట్లన్నీ మొదటినుంచి చివరిదాకా విప్పేసింది. లైనింగ్ మళ్ళీ వేలాడింది. లేచి, సూదీ దారం మొగుడి చేతిలో పెట్టింది.

"కానివ్వండి సార్" అంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. కూర్చున్నాడు. దారం నోట్లో తడిపాడు, ఒక కన్ను మూశాడు, రెండో కన్ను మూశాడు. చివరికి జనంలో ఎవరో జాలిపడి దారం ఎక్కించిపెట్టారు. వేలికి పొడుచుకుంటూ, అబ్బా అంటూ, చెమటలు కక్కుతూ కుట్టాడు. దారం తెంపి కోటు ఇచ్చాడు. టీచరమ్మ తొడుక్కుంది. ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి మోచేతిదాకా వెళ్ళి ఆగిపోయింది. కోటు చెయ్యి అటునుంచి ఇటు మూతపడేలా కలిపి కుట్టేశాడు మహానుభావుడు.

టీచరమ్మ తోసి చూసింది, మెలితిప్పి చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా అడిగింది.

"ఇది కొత్త ఫ్యాషనా సార్?"

జనంలో ఒకాయన ఆ కోటుని ఫోటో తీస్తున్నాడు కూడా.

"కాదు టీచరుగారూ" అన్నాడు మొగుడు. "నాకు రాదు. ఎప్పుడూ రాలేదు. మీ బట్టలు ఏనాడూ నేను ముట్టుకోలేదు."

టీచరమ్మ కోటులో ఇరుక్కున్న చెయ్యి అలాగే పెట్టుకుని సూదమ్మ వంక తిరిగింది. అప్పుడు చూసింది ఆవిణ్ణి. చూపుడువేలి మీద సూది గాట్లు, నెరిసిన జుట్టుకి అంటుకున్న దారప్పోగులు, అన్నీ చూసింది.

"మరి ఇన్నాళ్ళూ..."

"ఎవరో మీరే చెప్పండి" అంది సూదమ్మ. "నేను చెప్తే ఎవరూ వినలేదు. ఆయన చెప్పినా వినలేదు."

"నువ్వేనమ్మా."

"వాళ్ళకి వినపడలేదు."

టీచరమ్మ నిలబడ్డవాళ్ళ వైపు తిరిగింది. క్లాసులో వెనక బెంచీకి చెప్పినట్టు గట్టిగా, "నువ్వే! కుట్టింది నువ్వే! నేనే గుడ్డిదాన్ని" అంది. అంటుంటే ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

సూదమ్మ ఆవిడ ఒంటి మీంచి కోటు తీసుకుని కూర్చుంది. మొగుడు వేసిన ముళ్ళన్నీ ఊడదీసి, లైనింగ్ సర్ది, మళ్ళీ కుట్టింది. కళ్ళు తుడుచుకుంటూనే కుట్టింది. కుట్లు అక్కడక్కడా వంకర పోయాయి. ఆవిడ చేతిలో ఎప్పుడూ అలా జరగలేదు. విప్పి సరిచేయబోతే టీచరమ్మ కోటు లాక్కుని, అలాగే తొడుక్కుని సభకి వెళ్ళిపోయింది.