కరెంటు పెట్టిన దవడ

కింది పన్ను సలుపుతోందంటే ఇవాళ మా పిన్నిని రాజమండ్రిలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పన్ను పీకే ముందు ఆయన, "ఇదివరకు పెద్ద జబ్బులేమైనా చేశాయా అండి?" అని అడిగారు.

"అబ్బే, ఏమీ లేవండి. పన్నెండేళ్ల కిందట ఈ దవడకి కరెంటు పెట్టారంతే," అంది పిన్ని.

అదేదో నొప్పులకి పెట్టే కరెంటనుకుని ఆయన మత్తు సూది అందుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"క్యాన్సర్‌కి ఇచ్చిన రేడియేషనండీ అది!" అని అరిచాను.

ఆయన సూది కింద పెట్టేశారు. రేడియేషన్ తగిలిన ఎముక ఎన్నేళ్లయినా సరిగ్గా మానకపోవచ్చట. పాత కాగితాలు చూడందే పన్ను ముట్టుకోనన్నారు.

బయటికి రాగానే, "తగ్గిపోయిన జబ్బు పేరు మళ్లీ ఎందుకెత్తావే?" అని పిన్ని విరుచుకుపడింది.

మీ ఇళ్లలోనూ రేడియేషన్‌ని కరెంటనే అంటారా? ఆ కరెంటు వల్లే రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయిన నోటితోనే పిన్ని నన్నింకా తిడుతోంది.