నా కాళ్ళకు అందే కారు

మా ఆయన ఆరడుగుల మనిషి. పెర్త్‌లో మనవాళ్ళంతా పెద్ద పెద్ద కార్లు కొంటుంటే, ఈయన జపాన్ నగరాల ఇరుకు సందుల కోసం చేసిన బుల్లి కారొకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చారు. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతుంటే ఒదిగి కూర్చుని నడిపేవారు. కానింగ్ వేల్‌లో మా వీధిలో అలాంటివి మూడు పక్కపక్కనే పోవచ్చు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం కారండీ, అగ్గిపెట్టెలా! నలుగురిలో తలెత్తుకోవద్దూ?"

"నీ కాళ్ళు పెడల్స్‌కి అందే కారు ఇదొక్కటే దొరికిందే. నేర్చుకో. రేపు నీ పనులు నువ్వే చూసుకోవచ్చు."

నా పొట్టితనాన్ని ఆటపట్టిస్తున్నారనుకున్నాను. "ఆ డబ్బాని నేను ముట్టను గాక ముట్టను" అని మొహం ముడుచుకుని లోపల కూర్చున్నాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఆయనొక్కరే పూజ చేసుకున్నారు.

అన్న మాట మీద నిలబడ్డాను కూడా, మహా గొప్పగా! ఆదివారం గుడికెళ్తే ఎవరూ చూడకుండా కారు పక్కవీధిలో పెట్టించేదాన్ని. మోకాళ్ళ నొప్పితో పులిహోర గిన్నె మోసుకుంటూ నా వెనకే వచ్చేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు.

పోయిన చలికాలంలో గుండెపోటుతో వెళ్ళిపోయారు. కారు గరాజ్‌లో ఉండిపోయింది. కూరగాయలకైనా డాక్టర్ దగ్గరికైనా నాకిప్పుడు బస్సే దిక్కు, లేదంటే మా అమ్మాయి రావాలి. "జస్ట్ సెల్ ఇట్, అమ్మా. నోబడీ డ్రైవ్స్ ఇట్" అంది. నిజమే కదా అనుకుని అమ్మకానికి పెట్టాను.

వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ యూనిలో చదువుకుంటున్న అమ్మాయి కొనుక్కుంది. సంతకాలయ్యాయి, తాళం ఇచ్చేశాను. ఆ పిల్ల సీట్లో కూర్చుని ముందున్న అర తెరిచి చూసి, కిటికీలోంచి ఒక కవరు అందించింది.

"ఆంటీ, ఇవి మీవేనా? నాకు లైసెన్స్ ఉన్నది, అవసరం లేదు."

కొత్తగా నేర్చుకునేవాళ్ళు కారుకి తగిలించుకునే పసుపురంగు 'ఎల్' పలకలు, రెండు. రెండింటికీ మూలన పసుపు రాసి, వంకరగా కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఆ రోజు పూజలో పెట్టినవే. నేను ఎప్పటికైనా అడుగుతానని అలాగే దాచి ఉంచారు.

ఏం మనిషండీ మీరు! ఇవి నా ఒళ్ళో పడేసి, ఒక్కసారి గట్టిగా గదమాయించకపోయారా?

"మీవేనా ఆంటీ?" మళ్ళీ అడిగింది.

"నావేనమ్మా" అన్నాను. అప్పటికే కారు నాది కాదు.