సగంలో ఆపేసిన మొక్కు కథ

ఆ రోజుల్లో నాకు తెలిసిందేదైనా నలుగురికీ చెప్పకపోతే తిన్నది అరిగేది కాదు. డెబ్బైల చివర్లో, ఇరవై ఒకటో ఏట, విశాఖ పోర్టులో సరుకు చీటీలు రాసే గుమాస్తాగా చేరాను. బస్తాలు మోసేది మల్కాపురం మనుషులు, నీడన నిలబడి కబుర్లు పోగుచేసేది నేను. ఒకసారి గ్రీకు ఓడ వంటవాడు వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్ల పురాణకథ చెప్పాడు. తుపానులో చిక్కుకున్న రాజొకడు, ఒడ్డు చేరితే ముందు ఎదురొచ్చిన ప్రాణిని సముద్రదేవుడికి బలిస్తానని మొక్కుకున్నాడట. ఎదురొచ్చింది కన్నకొడుకట. ఈ ముక్క మా క్రైస్తవ మేస్త్రికి చేరవేస్తే, "ఇది మా పాత నిబంధనలోదే బాబూ. అక్కడ తుపాను కాదు, యుద్ధం. కొడుకు కాదు, కూతురు" అన్నాడు. రెండు జాతుల కథా ఒకటేనని లోకంలో మొదట కనిపెట్టింది నేనే అనుకుని పొంగిపోయాను. (మా తాత పుట్టకముందే పండితులు కనిపెట్టేశారని తర్వాత తెలిసింది.)

ఆదివారం యారాడలో మా మేనమామ ఇంటికెళ్లి, గ్రీకుల కథా పాత నిబంధన కథా ఒకటేనంటూ ఈ పాండిత్యం విప్పాను. ఆయన సముద్రంలో వేట చేసేవాడు. వల బాగుచేసుకుంటూ శ్రద్ధగా విన్నాడు. రాజు మొక్కుకున్నాడు, గాలి ఆగింది, ఒడ్డు కనిపించింది అనేసరికి అత్త, "పులుసు సల్లారిపోతంది, రండి" అని కేకేసింది. చేపల పులుసుకీ పాండిత్యానికీ పోటీ వస్తే నేనెప్పుడూ పులుసు వైపే. కథ అక్కడే ఆగిపోయింది.

నెల తిరక్కుండా తుపాను వచ్చింది. మామ పడవ రెండు రోజులైనా రాలేదని తెలిసి యారాడ పరుగెత్తాను. అదే వాడవాళ్లవి రెండు శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మూడో రోజు పొద్దున్న అత్త, మొగుడు బతికి రావాలని, పెంచుకున్న పుంజును అమ్మోరికి కోసేసింది. ఆ పుంజు గుమ్మంలో కాపలా కాసి, వచ్చినవాళ్లందరి కాళ్లూ పొడిచేది. నా కాళ్లు మరీ ఇష్టం దానికి. (అంత దుఃఖంలోనూ లోపల కాస్త సంతోషించాను, దాచను.) గంట గడవకముందే మామ తూలుకుంటూ వచ్చాడు. పదేళ్ల మరదలు పరుగెత్తుకెళ్లి వాటేసుకుంది. ఆయన పిల్లను ముట్టుకోలేదు. ఇసుకలో కూలబడి, "పుంజేదే?" అన్నాడు.

"అమ్మోరికిచ్చీసినాను, నీ కోసవే" అంది అత్త.

నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు సెప్పినట్టే మొక్కుకున్నాను అల్లుడూ. మన గుమ్మంలో ముందెదురొచ్చేది పుంజే గదా అనుకున్నాను. మొక్కు తప్పితే అమ్మోరు పిల్లనే అట్టుకుపోద్ది. తరవాత ఆ రాజు ఏటి సేసినాడు?"

రెండు కథల్లోనూ బలి జరిగిపోయింది.

"జుట్టిచ్చీసినాడు మావా. దేవుడు ఒప్పీసుకున్నాడు."

"మరి ఆ పాత నిబంధనలో?"

"అక్కడా జుట్టే. రెండూ ఒకటేనని సెప్పినాను గదా."

మంగళవారం అమ్మోరి గుడి దగ్గర మరదలికి గుండు చేయించారు. నడుం దాటే జడ అది. పిల్ల నాతో ఏడాది మాట్లాడలేదు. అయితేనేం, ఒక ప్రాణం నిలబెట్టానని నాలో నేనే మురిసిపోయాను.

నాలుగేళ్ల తర్వాత ఒక సాయంత్రం ఒడ్డున కూర్చుని, ఆ రోజు చెప్పింది అబద్ధమని మామ దగ్గర ఒప్పుకున్నాను. ఆయన బీడీ ఆర్పి, "తెల్సు. గుండు సేయించక ముందే మల్కాపురం ఎల్లి మీ మేస్త్రీని అడిగినాను" అన్నాడు.

"మరి తెలిసీ ఎందుకు సేయించావు మావా?"

"ఇంకేటి సెయ్యను? అబద్దవైనా నువ్వొక్కడివే దారి సెప్పినావు. అమ్మోరు ఒప్పుకుందో నేదో. పిల్లకి కాస్త జొరవొచ్చినా నాను నిద్దరోనేదు, ఈ నాలుగేళ్లూ."

ఆ నాలుగేళ్లూ నేను మాత్రం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. అన్నీ తెలుసనుకున్న ఆ గుమాస్తాను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలో ఉండగానే మామ గుర్తొస్తాడు.